భుజాలు లాగితే నడుము బెల్టు చూడండి: బేబీ క్యారియర్ సమస్యలు, పరిష్కారాలు

మా పెద్దవాడికి నాలుగో నెలలో కొన్న, బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్‌ను పట్టుమని పదిసార్లు కూడా వాడకుండా బీరువా పైన పెట్టేశాను. భుజాలు లాగేవి, వాడు ఏడ్చేవాడు, ఎండాకాలం కావడంతో ఇద్దరం చెమటతో తడిసిపోయేవాళ్లం. పాప పుట్టాక దాన్నే కిందికి దించాను. కుట్లు, బకిల్స్ గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఏ పట్టీ ఏ పని చేస్తుందో ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ కట్టుకున్నాను. ఆ రోజు గంటసేపు హాయిగా నడిచాను. నడుము బెల్టు నాలుగు వేళ్లు పైకి జరిపాను, మిగతా పట్టీలు దాన్ని బట్టి సర్దుకున్నాను. చేసిన మార్పు అంతే.

అందుకే, ఉన్నది బాగాలేదని మరొకటి కొనబోయే తల్లిదండ్రులను ముందు కాస్త ఆగమంటాను. లోపం నడుము దగ్గర ఉంటే కొత్త క్యారియర్ కోసం దుకాణాలన్నీ తిరగడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే. నేను చెప్పేది నడుముకు వెడల్పాటి మెత్తని బెల్టు, భుజాలకు మెత్తని పట్టీలు, బిడ్డ వీపును పట్టి ఉంచే గుడ్డ, బిగించడానికి బకిల్స్ ఉన్న రకం గురించి. ఆ వీపు గుడ్డనే ప్యానెల్ అంటారు.

భుజాలు, మెడ లాగుతున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. బరువు దిగవలసిన చోట దిగకపోవడమే దీనికి కారణం. నీళ్ల బిందెను చంకన పెట్టుకుని నడిచే ఆడవాళ్లను గమనించండి. చెయ్యి బిందెను పడిపోకుండా పట్టుకుంటుందే తప్ప, బరువంతా తుంటి ఎముక మీదే కూర్చుంటుంది. క్యారియర్‌లో భుజం పట్టీలది ఆ చేతి పని. బరువు దించుకోవలసింది నడుము బెల్టు. అది వదులుగా ఉన్నా, పొత్తికడుపు మీదికి జారినా మోత మొత్తం భుజాలకు వస్తుంది.

పట్టీలన్నీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. బిడ్డను ఎత్తుకోకముందే బెల్టును బొడ్డు దగ్గరగానో, కాస్త పైగానో కట్టుకోండి. అరచేయి కష్టంగా దూరేంత బిగువు చాలు. బెల్టు ముందువైపు కిందికి వాలకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. తరువాత బిడ్డను ఛాతీకి ఆనించుకుని, ప్యానెల్ పైకి తెచ్చి భుజం పట్టీలు వేసుకోండి. చాలామంది పొరబడేది ఇక్కడే. బిడ్డ బరువు వేలాడుతుండగానే పట్టీని లాగుతారు. ఎంత లాగినా రాదు, వచ్చినా ఒక పక్కే వస్తుంది. ఒక చేత్తో బిడ్డ పిర్రల కింద పట్టి కొంచెం పైకి ఎత్తి, రెండో చేత్తో లాగితే పట్టీ తేలిగ్గా బిగుస్తుంది. రెండో పక్క కూడా అంతే.

నొప్పి మెడ దగ్గరే ఉంటే, వీపు మీద భుజం పట్టీలను కలిపే అడ్డపట్టీ మెడ కిందికి ఎక్కి ఉంటుంది. దాన్ని రెండు రెక్క ఎముకల నడుమకు దించండి. ఇంత చేసినా తగ్గకపోతే బెల్టు కొలత మీ నడుముకు సరిపోవడం లేదేమో చూడండి. సన్నని నడుము ఉన్నవారికి కొన్ని బెల్టులు చివరిదాకా బిగించినా వదులుగానే ఉంటాయి. అప్పుడు మాత్రం క్యారియర్ మార్చవలసిందే. భుజం పట్టీలను వీపు మీద అడ్డంగా దాటించి కట్టుకునే వీలున్నవి సన్నని భుజాలవారికి సుఖంగా ఉంటాయి.

నడుము నొప్పి

బిడ్డ మరీ కిందికి ఉంటే మనకు తెలియకుండానే వెనక్కి వాలి నడుస్తాం. నొప్పి అక్కడి నుంచే పుడుతుంది. తల కొంచెం వంచితే బిడ్డ నడినెత్తిన ముద్దు పెట్టగలగాలి, అదే సరైన ఎత్తు. ఛాతీకీ బిడ్డకూ మధ్య ఖాళీ ఉంటే ప్యానెల్ ఇంకా బిగించాలి. అదే బరువు ఒంటికి దూరంగా ఉంటే రెట్టింపు అనిపిస్తుంది. బిడ్డ తనంతట తాను కూర్చోవడం వచ్చాక, ఆ క్యారియర్ సూచనలు అనుమతిస్తే వీపున కట్టుకోవడం నేర్చుకోండి. మొదటి కొన్నిసార్లు మంచం పక్కన నిలబడి, మరొకరు బిడ్డను పట్టుకుని ఉండగానే చేయాలి.

సిజేరియన్ అయినవారు కుట్ల మీద బెల్టు ఆనకుండా పైకి కట్టుకోవాలి. డాక్టరు సరేననే వరకు అది కూడా వద్దు.

బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతోంది

మిగతా ఇబ్బందుల సంగతి తరువాత చూసుకోవచ్చు. ఇది కనిపిస్తే మాత్రం ఆ క్షణమే బిడ్డను బయటికి తీయండి. చిన్నపిల్లల శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి నొక్కుకుంటే గాలి దారి మూసుకుపోతుంది. ఆ స్థితిలో బిడ్డకు ఏడవడం కూడా సాధ్యం కాదు. మనం నిద్రపోతోందని అనుకుంటాం. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2010 మార్చిలో ఒక హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు 20 ఏళ్లలో గుడ్డ స్లింగ్‌లకు (ఒక భుజం మీంచి ఉయ్యాలలా వేలాడదీసుకునే రకం) సంబంధించి కనీసం 14 శిశుమరణాలు నమోదయ్యాయనీ, వారిలో 12 మంది నాలుగు నెలల లోపు పిల్లలనీ చెప్పింది. బకిల్ క్యారియర్ వేరే రకమే అయినా, మెడ వంగితే ఊపిరి ఆగడమన్నది ఎందులోనైనా ఒకటే.

బిడ్డ ఇలా కుంగిపోవడానికి ముఖ్య కారణం ప్యానెల్ వదులుగా ఉండటం. కూర్చోబెట్టాక అరచేత్తో బిడ్డ వీపు మీద మెల్లగా నొక్కి చూడండి. బిడ్డ మీ వైపు ఇంకా జరుగుతోందంటే పట్టీలు చాలినంత బిగించలేదని అర్థం. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. బ్రిటన్‌లో తల్లిదండ్రులకు టిక్స్ అనే పేరుతో ఐదు గుర్తులు నేర్పుతారు: కట్టు బిగువుగా ఉండాలి, ముఖం ఎప్పుడూ కనిపించాలి, ముద్దు పెట్టేంత దగ్గరగా ఉండాలి, గడ్డం ఛాతీకి తగలకూడదు, వీపుకు ఆధారం ఉండాలి. కట్టుకున్న ప్రతిసారీ ఇవి చూసుకోవడానికి అర నిమిషం చాలు.

రెండో కారణం, క్యారియర్ బిడ్డకు పెద్దది కావడం. విదేశాల నుంచి బంధువులు తెచ్చే క్యారియర్లలో చాలావాటి మీద కనీస బరువు 7 పౌండ్లు, అంటే సుమారు 3.2 కిలోలు అని ఉంటుంది. మన దగ్గర నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే చాలామంది మూడు కిలోల లోపు ఉంటారు. కాబట్టి పెట్టె మీద ‘పుట్టిన రోజు నుంచి’ అని రాసి ఉన్నా మీరు చూడవలసింది బిడ్డ బరువు. కొన్నిటికి లోపల అమర్చే చిన్న దిండు విడిగా ఇస్తారు. అది లేకుండా పసికందును అందులో పెట్టకూడదు. నెలలు నిండకుండా పుట్టినవారు, తక్కువ బరువుతో పుట్టినవారు, జలుబుతో ఊపిరి భారంగా తీస్తున్నవారు ఉంటే ముందు పిల్లల డాక్టరును అడగండి. మీ పాలు క్యారియర్‌లోనే తాగించేవారైతే, తాగడం అయ్యాక బిడ్డను మళ్లీ నిటారుగా, పైకి జరపడం మరచిపోవద్దు.

కాళ్లు వేలాడుతున్నాయి, లేదా ‘కాళ్లు వంకరపోతాయి’ అని ఇంట్లో అభ్యంతరం

ఇవి రెండూ ఒకే విషయానికి రెండు వైపులు. పాపను మొదటిసారి కట్టుకున్నప్పుడు మా అత్తగారు చూసి, “అలా కాళ్లు ఎడం చేసి కట్టేస్తే దొడ్డికాళ్లు వస్తాయమ్మా” అన్నారు. ఆ సాయంత్రం ఆవిడే పాపను చంకన వేసుకుని వరండాలో తిరుగుతుంటే, “పాప కాళ్లు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి అత్తయ్యా” అన్నాను. ఆవిడ నడుముకు అటొకటి ఇటొకటిగా, మోకాళ్లు పైకి మడిచి, క్యారియర్‌లో ఉన్నట్టే ఉన్నాయి. ఆ తరువాత ఆవిడే పట్టీలు అందించేవారు.

తుంటి కీలు బంతి గిన్నె కీలు. మొదటి నెలల్లో ఆ గిన్నె ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటుంది. తొడలు రెండు పక్కలకు విచ్చుకుని, మోకాళ్లు పిర్రల కంటే కాస్త ఎత్తులో ఉంటే బంతి గిన్నెలో కుదురుగా కూర్చుంటుంది. తుంటి కీలు సరిగా ఎదగని లోపం మీద పనిచేసే అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లేసియా సంస్థ సిఫారసు చేసేదీ ఈ భంగిమనే. మొదటి ఆరు నెలలు బిడ్డ ముఖం మన వైపే ఉండాలని కూడా అది చెబుతుంది. ఇక పుట్టిన పిల్లల కాళ్లు కొంచెం వంపుగా ఉండటం సహజం. గర్భంలో ముడుచుకుని ఉండటం వల్ల వచ్చే ఆ వంపు సాధారణంగా రెండేళ్లు వచ్చేసరికి దానంతట అదే సర్దుకుంటుంది. కాళ్లు చాచి బిగుతుగా గుడ్డలో చుట్టడమే తుంటికి మంచిది కాదు.

కాళ్లు కిందికి వేలాడుతుంటే ప్యానెల్ అడుగు భాగం ఇరుకుగా ఉందన్నమాట. బరువంతా గజ్జల దగ్గర ఒక్కచోటే పడి బిడ్డకు ఒరుసుకుంటుంది. అడుగు భాగం ఒక మోకాలి వెనక నుంచి మరో మోకాలి వెనక వరకు తొడలను మోయాలి. వెడల్పు మార్చుకునే వీలుంటే బిడ్డ పెరిగే కొద్దీ పెంచండి. వెడల్పు సరిపోతున్నా మోకాళ్లు కిందికే ఉంటే, రెండు చేతులూ ప్యానెల్ అడుగున పెట్టి బిడ్డ పిర్రలను మీ వైపు మెల్లగా తిప్పినట్టు ఎత్తండి. మోకాళ్లు వాటంతట అవే పైకి వస్తాయి. పసికందు విషయంలో దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. ప్యానెల్ మరీ వెడల్పై కాళ్లు బలవంతంగా చీలినట్టు ఉంటాయి. అప్పుడు తగ్గించాలి. తొడల మీద ఎర్రటి గీతలు, చల్లబడిన పాదాలు కనిపిస్తే చాలాసార్లు తప్పు పాదాలతో కలిపి కుట్టిన పొట్టి పైజామాది. మోకాలు మడిచినప్పుడు అది వేళ్లను లాగేస్తుంది.

పెట్టగానే ఏడుస్తోంది

మీ చేతులు తడబడుతుంటే బిడ్డకు తెలుస్తుంది. నాలుగైదు కిలోల బియ్యం సంచిని కట్టుకుని రెండు రోజులు సాధన చేయండి. అద్దం ముందు చేస్తే ఇంకా మంచిది. బిడ్డను పెట్టేటప్పుడు ఆకలి, నిద్ర మత్తు, తడి గుడ్డ ఏవీ లేని సమయం చూసుకోండి. పాలు తాగిన అరగంటకు మొదలుపెట్టడం మాకు కుదిరింది. బకిల్ పడగానే నడక మొదలుపెట్టండి. నిలబడి పట్టీలు సర్దుకుంటూ కూర్చుంటే ఏ బిడ్డయినా గోల చేస్తుంది. నడిచినా పది నిమిషాలు ఏడుపు ఆగకపోతే తీసేయండి, రేపు చూడవచ్చు.

చెమట, చెమటకాయలు

ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో, రామగుండంలోనో ఉన్నవారికి ఇది చిన్న సమస్య కాదు. క్యారియర్ కూడా ఒక పొర బట్టే. పైగా మీ ఒంటి వేడి తోడవుతుంది. బిడ్డకు ఒక్క పలుచని నూలు చొక్కా చాలు. చేతులు, పాదాలు ముట్టుకుని చూస్తే వేడి తెలియదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. మందపాటి పాలిస్టర్ దిండ్లున్న రకం మన వేసవికి పనికిరాదు. వల లాంటి గుడ్డ లేదా పలుచని నూలు ప్యానెల్ ఎంచుకోండి. ఎండపొద్దున క్యారియర్‌తో బయటికి వెళ్లకండి, అరగంటకోసారి బిడ్డను బయటికి తీసి గాలి తగలనివ్వండి, పాలు తరచుగా పట్టండి. ఎండ అడ్డుకోవడానికి బిడ్డ ముఖం మీద కొంగు కప్పడం మాత్రం వద్దు, గొడుగు పట్టండి.

చీర మీద జారిపోతోంది

సిల్కు, సింథటిక్ చీరల మీద బెల్టు నిలవదు. నూలు చీరైతే నిలుస్తుంది. కుచ్చిళ్లు దోపిన చోట బెల్టు కడితే అడుగు వేసినప్పుడల్లా కుచ్చిళ్లు లాగి బెల్టును కిందికి దించుతాయి. అందుకని దోపుకు పైన కట్టుకోవాలి. కొంగును ముందే నడుము చుట్టూ తిప్పి దోపుకోండి. చున్నీ తీసి పక్కన పెట్టడమే మేలు. అది బకిల్‌లో ఇరుక్కుంటుంది, గాలికి బిడ్డ ముక్కు మీదికీ వస్తుంది. మంగళసూత్రం, నల్లపూసలు వీపు వైపుకు వేసుకోకపోతే బిడ్డ చెంప మీద వాటి అచ్చు పడుతుంది.

పట్టీ మెల్లమెల్లగా వదులవుతోంది

పట్టీ మెలిపడిందేమో చూడండి, సరిచేసి మళ్లీ దూర్చండి. బకిల్ రెండు పక్కలా పడి ‘టక్’ మనే శబ్దం వినాలి. అయినా జారుతుంటే బకిల్ పళ్లు అరిగినట్టే. అప్పుడు తయారీదారు ఇచ్చే కొత్త బకిల్ వేయించాలి లేదా క్యారియర్ వాడకం మానేయాలి. బరువు మోసే చోట కుట్టు ఊడితే దర్జీ దగ్గర కుట్టించి వాడవద్దు. భార్యాభర్తలు మార్చి మార్చి వాడుతుంటే ఇద్దరి కొలతల దగ్గరా వేర్వేరు రంగుల దారం పట్టీ చుట్టూ కట్టుకోండి. సూదితో గుచ్చకండి. ఎండలో ఎక్కువసేపు ఉంచితే బకిల్ ప్లాస్టిక్ పెళుసవుతుంది, కాబట్టి ఉతికాక నీడలో ఆరేయండి.

బండి మీద వెళ్లవచ్చా?

వద్దు. 2022 ఫిబ్రవరి 15న నోటిఫై చేసి ఏడాది తరువాత అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం, ద్విచక్ర వాహనం మీద నాలుగేళ్ల లోపు పిల్లలకు భద్రతా హార్నెస్ (బిడ్డకు తొడిగి బండి నడిపేవారికి కట్టే పట్టీల చొక్కా), తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. క్యారియర్ ఆ హార్నెస్‌కు బదులు కాదు. పడితే మన బరువంతా బిడ్డ మీదే పడుతుంది. కారులోనూ దాన్ని సీటుగా వాడకూడదు. పొయ్యి దగ్గర, తాలింపు పెట్టేటప్పుడు కూడా బిడ్డను దించి ఎవరికైనా ఇవ్వండి.

కొత్తది కొనక తప్పదంటే

బిడ్డను తీసుకుని దుకాణానికి వెళ్లి, కట్టుకుని పావుగంట అటూ ఇటూ నడవండి. కూర్చుని లేవండి, నేల మీద పడిన తాళంచెవిని మోకాళ్లు వంచి తీయండి. ఇద్దరు వాడాలనుకుంటే ఇద్దరూ కట్టుకుని చూడాలి. బెల్టు కనీస, గరిష్ఠ కొలతలు, ప్యానెల్ వెడల్పు మారుతుందా, కనీస బరువెంత అన్నవి చీటీ మీద చదవండి. జేబులు, టోపీలు, రంగులు తరువాతి సంగతి. చివరగా, పక్కనున్నవారి సాయం తీసుకోకుండా వీపు మీది అడ్డపట్టీ బకిల్‌ను మీరే పెట్టి, మీరే తీయగలుగుతున్నారో లేదో చూడండి. పగలంతా ఇంట్లో మీరూ బిడ్డా మాత్రమే ఉంటారు కదా.