ఎలక్ట్రిక్ కారు కొటేషన్ చదవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కొనుగోలుదారులకు

ఎలక్ట్రిక్ కారు ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ధరకూ, తాళాలు చేతికొచ్చే రోజుకు మనం కట్టిన మొత్తానికీ మధ్య ఉండే తేడా పెట్రోలు కారు కొన్నప్పటి తేడా లాంటిది కాదు. పెట్రోలు కారు విషయంలో ఆ తేడా చాలావరకు పన్ను, బీమాలదే. ఎలక్ట్రిక్ కారులో అయితే కారు నడవడానికి తప్పనిసరిగా కావలసిన వస్తువులే కొన్ని ఆ ప్రకటన ధరకు బయట ఉండవచ్చు. పోటీ పెరిగే కొద్దీ కంపెనీలు ప్రకటన ధరను తగ్గించి చూపడానికి ఒకరు చార్జరును, మరొకరు ఏకంగా బ్యాటరీని ధరలోంచి బయటికి తీశారు. అందువల్ల రెండు కార్ల ప్రకటన ధరలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఏమీ తేలదు. బయటికి తీసిన ప్రతి వస్తువునూ తిరిగి లెక్కలో చేర్చి, ఆ తర్వాతే బేరానికి కూర్చోవాలి.

ఈ పోటీ ఎలా సాగిందో కొంత తెలిస్తే కొటేషన్ సులువుగా అర్థమవుతుంది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ సుమారు 14 లక్షల ప్రారంభ ధరతో వచ్చినప్పుడు ఆ ధరలో దానికి గట్టి పోటీ లేదు. 2022లో టియాగో ఈవీ 8.49 లక్షలకు, 2023లో ఎంజీ కామెట్ 7.98 లక్షలకు వచ్చాయి. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ విడుదలకు ముందు రోజుల్లోనే టాటా పండుగ ఆఫర్ పేరుతో నెక్సాన్ ఈవీపై 3 లక్షల దాకా తగ్గించి, పైగా తన అనుబంధ సంస్థ చార్జింగ్ కేంద్రాల్లో ఆరు నెలల ఉచిత చార్జింగ్ ప్రకటించింది. విండ్సరేమో బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, బ్యాటరీ అద్దె కిలోమీటరుకు 3.50 రూపాయలు అన్న కొత్త లెక్కతో దిగింది. అదే ఏడాది నవంబరులో మహీంద్రా బీఈ 6ను 18.90 లక్షలకు ప్రకటించినప్పుడు చార్జరు, దాని బిగింపు ఆ ధరలో లేవు. 7.2 కిలోవాట్ల చార్జరుకు 50 వేలు, 11.2 కిలోవాట్లదానికి 75 వేలు వేరుగా చెల్లించాలని చెప్పింది. 2025 జనవరిలో 17.99 లక్షలకు వచ్చిన హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌కు 11 కిలోవాట్ల గోడ చార్జరు మరో 73 వేలు. ఇవన్నీ విడుదలనాటి ధరలు, ఆ తర్వాత మారుతూనే ఉన్నాయి. అయినా ఏది లోపల, ఏది బయట అన్న ప్రశ్న మాత్రం ప్రతి మోడల్‌కూ వేయవలసిందే.

మొదటి పని, ఒకే వారంలో కనీసం మూడు కంపెనీల కొటేషన్లను షోరూం ముద్రతో కాగితం మీద తీసుకోవడం. ఫోనులో చెప్పిన అంకెకు విలువ లేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఆ కంపెనీ షోరూం లేకపోతే తిరుపతి, విజయవాడ, చెన్నైల నుంచి తెప్పించుకోవచ్చు. చెన్నైలో కొన్నా రిజిస్ట్రేషన్, జీవితకాల పన్ను మన చిరునామా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనే కనుక ఆ లెక్క మన రాష్ట్రానిదే వేయించుకోవాలి. ధర చూసినంత శ్రద్ధగా సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. ఈ కార్లలో నారింజ రంగు తొడుగున్న హై వోల్టేజ్ తీగలను శిక్షణ పొందినవారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కనుక, ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఉన్నవారికి ఊళ్లో తెలిసిన మెకానిక్ ఈ విషయంలో అక్కరకు రాడు.

ఇక కొటేషన్‌ను పై నుంచి కిందికి చదువుదాం. ఎక్స్ షోరూం ధరలో, అంటే రిజిస్ట్రేషన్, బీమా కలపని ధరలో, 5 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది, 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ కార్లపై అమలవుతున్న రేటు ఇదే. కారు విలువ 10 లక్షలు దాటితే ఆ కింద 1 శాతం టీసీఎస్ అని మరో వరుస కనిపిస్తుంది, 18.90 లక్షల కారుకు అది 18,900 రూపాయలు. ఇది ఖర్చు కాదు, మన పాన్ నంబరు మీద ముందుగా జమయ్యే ఆదాయపు పన్ను. రిటర్ను దాఖలు చేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వెనక్కి తీసుకోవచ్చు. జీవితకాల పన్ను గడి విషయంలో మాత్రం షోరూం మాట మీద ఆధారపడకూడదు. విద్యుత్ వాహనాలకు రాష్ట్రం 2018 విధానంలో మినహాయింపు ఇచ్చింది, ఆ గడువు ముగిశాక 2024లో కొత్త విధానం తెచ్చింది. కాబట్టి ఆ గడిలో సున్నా ఉన్నా, లక్షల్లో అంకె ఉన్నా, బుకింగ్‌కు ముందు రవాణా శాఖ కార్యాలయంలో అప్పటికి అమలులో ఉన్న ఉత్తర్వు ఏమిటో అడిగి నిర్ధారించుకోవాలి. కేంద్రం సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, సొంత వాడకం కార్లకు ఆ సాయం ఫేమ్ అనే కేంద్ర పథకం రెండో దశలోనూ లేదు, ఇప్పటి పీఎం ఈ డ్రైవ్ పథకంలోనూ లేదు. ఈవీ రుణానికి కట్టిన వడ్డీపై ఆదాయపు పన్నులో లక్షన్నర మినహాయింపు 2023 మార్చి 31లోపు మంజూరైన రుణాలకే పరిమితం. ఇప్పటికీ దాన్ని ఆకర్షణగా చెప్పే అమ్మకందారులు కనిపిస్తారు.

ఆ కింద హ్యాండ్లింగ్ చార్జీలనో, లాజిస్టిక్స్ అనో కొన్ని వేల రూపాయల వరుస ఉంటే, అది ఏ సేవకు, ఏ బిల్లు కింద అని అడగండి. కారును షోరూం దాకా చేర్చి మనకు అప్పగించే పని అమ్మేవారిదే. సరైన జవాబు లేనిచోట ఆ వరుసను కొట్టివేయించడం కష్టం కాదు.

అసలు విషయం చార్జరు దగ్గర ఉంది. కారుతో వచ్చే పోర్టబుల్ కేబుల్‌ను 15 ఆంప్స్ సాకెట్‌కు తగిలిస్తే గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. నెల్లూరు నుంచి కావలికి రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగిని తీసుకుంటే, రానూపోనూ 110 కిలోమీటర్లకు 16 నుంచి 18 యూనిట్లు ఖర్చవుతాయి, రాత్రి పది గంటలకు తగిలిస్తే తెల్లవారేసరికి అవి తిరిగి ఎక్కిపోతాయి. అంతకంటే తక్కువ తిరిగేవారికి గోడ చార్జరు సౌకర్యమే గానీ అవసరం కాదు. కనుక అది ధరలో లేని మోడల్ కొనేటప్పుడు, పోర్టబుల్ కేబులైనా ఉచితంగా ఇస్తున్నారో లేదో అడిగి, గోడ చార్జరు తీసుకోవడం తప్పనిసరా, మన ఇష్టమా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. తీసుకోదలిస్తే చార్జరుపై జీఎస్టీ 5 శాతమే కనుక బిల్లులో ఆ రేటే పడిందో లేదో చూసుకోండి. ఉచిత బిగింపు అన్నచోట తీగ ఎన్ని మీటర్ల వరకు ఉచితమో అడగండి. మీటరు వీధి గోడకు, కారు పెరట్లో ఉండే మన ఇళ్లలో ఆ అదనపు తీగ ఖర్చే ఎక్కువవుతుంది.

7.2 కిలోవాట్ల చార్జరు ఒక్కటే 32 ఆంప్స్ లాగుతుంది. ఇంటికి మంజూరైన లోడ్ రెండు మూడు కిలోవాట్లే ఉంటే ముందుగా దాన్ని పెంచుకోవాలి. నెల్లూరు వారు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు), ఒంగోలు వారు విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కంకు దరఖాస్తు చేసుకోవాలి. 11 కిలోవాట్లదైతే త్రీఫేజ్ కనెక్షన్ ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు చార్జింగ్ తీసుకోకుండా నిరాకరిస్తాయి. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో, వేసవిలో పూర్తిగా ఎండిపోయే ఎర్తింగ్ గుంతలతో ఈ ఇబ్బంది ఎక్కువ, కాబట్టి చార్జరుకు విడిగా ఎర్తింగ్ వేయించి, కరెంటు లీకైతే సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ పెట్టించడం మంచిది. పొలం దగ్గర వ్యవసాయానికి పగటిపూట ఇచ్చే ఉచిత కరెంటుకు కారు తగిలిస్తే ఖర్చే ఉండదు కదా అని సరదాగా అనేవారున్నారు. అది విద్యుత్ చౌర్యం కిందికి వస్తుంది.

కరెంటు ఖర్చును కిలోమీటరుకు ఒక రూపాయి అని చెప్పే లెక్క మన స్లాబుల ముందు నిలవదు. మన రాష్ట్రంలో గృహ విద్యుత్ ధర 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. ఇంట్లో నెలకు 200 యూనిట్లు వాడే కుటుంబం కారుకు మరో 190 యూనిట్లు వాడిందనుకుంటే, అందులో 25 యూనిట్లే 6 రూపాయల ధరలో పడతాయి, మిగిలిన 165 యూనిట్లు 8.75 ధరలోకి వెళ్తాయి. మొత్తం సుమారు 1,600 రూపాయలు, సర్దుబాటు చార్జీలు వేరు. ఆ కరెంటుతో 1,200 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు రూపాయి ముప్పై పైసల పైన పడుతుంది. లీటరు పెట్రోలు 110 రూపాయలు, మైలేజీ 15 అనుకుంటే అదే దూరానికి 8,800 అవుతుంది కనుక లాభం ఉన్న మాట నిజమే. వేసవిలో రెండు ఏసీలు నడిచే ఇంట్లో మాత్రం కారు యూనిట్లన్నీ పై స్లాబులకే పోతాయి. ఇంటి పైకప్పు మీద సోలార్ ఉన్నవారికి ఈ లెక్క వేరు.

బ్యాటరీ అద్దె పథకానికి వస్తే, విండ్సర్ విడుదలనాటి అంకెల్లో బ్యాటరీతో కలిపి ధర 13.50 లక్షలు, లేకుండా 9.99 లక్షలు, తేడా 3.51 లక్షలు. కిలోమీటరుకు 3.50 చొప్పున లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి ఆ తేడా మొత్తం అద్దెగా కట్టినట్లే. ముందుగా మిగిలిన సొమ్ముకు వడ్డీ వస్తుందనుకున్నా, ఎక్కువ తిరిగేవారికి ఇది లాభసాటి కాదు. మరి తక్కువ తిరిగేవారికి లాభమా అంటే, ఒప్పందంలో నెలకు కనీస దూరం షరతు ఉండవచ్చు. ఆ కనీసం 1,500 కిలోమీటర్లయితే నెలకు 5,250 కట్టక తప్పదు, నిజంగా తిరిగింది 800 అయితే కిలోమీటరుకు ఆరున్నర పడుతుంది, దాని మీద కరెంటు ఖర్చు అదనం. పై లెక్కలోని పెట్రోలు ఖర్చు కంటే ఇది కొంచెం ఎక్కువే. పైగా కారు అమ్మేటప్పుడు అద్దె ఒప్పందం ఎవరి పేరుకు మారుతుందో కూడా చూడాలి. నా అభిప్రాయంలో సొంత వాడకానికి కొనేవారు బ్యాటరీతో కలిపిన ధరనే ఆధారంగా పెట్టుకుని పోల్చుకోవాలి.

యాక్సెసరీస్ విషయంలో షోరూంలు బేసిక్ కిట్ అని ఒకే వరుస రాసి, అందులో ఏమున్నాయో చెప్పకుండా దాటేస్తాయి. వస్తువుల వారీగా రాసిమ్మంటే మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీటు కవర్లు, డోర్ వైజర్లు, కారు కవరు, చివర ఒక సెంటు సీసా బయటపడతాయి. మైపాడు ఇసుకకు, రొయ్యల చెరువు గట్ల బురదకు మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు కావలసిందే. మిగిలినవి బయట దుకాణాల్లో కూడా దొరుకుతాయి. అయితే తీగలు కత్తిరించి బిగించే లైట్లు, హారన్లు, కెమెరాలు బయట వేయిస్తే వారంటీ పోయే ప్రమాదం ఉంది, అలాంటివి కంపెనీవే తీసుకోవడం మంచిది. అడుగున తుప్పు పట్టకుండా పూసే కోటింగ్ అవసరమా అన్నది కూడా బ్యాటరీ పెట్టె అడుగునే ఉంటుంది కనుక కంపెనీ సర్వీసు వారిని అడిగి తేల్చుకోవాలి. చాలా మోడళ్లలో స్టెప్నీ ఉండదు, పంక్చరు కిట్టు మాత్రమే ఇస్తారు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల దారుల్లో టైరు పక్కభాగం కోసుకుపోతే ఆ కిట్టు పనికిరాదు. ఉచిత పెర్‌ఫ్యూములకు బదులు స్టెప్నీ కోసం బేరమాడితే అది నిజమైన లాభం. కారు నుంచి ఇంటి సామానుకు కరెంటు ఇచ్చే వీ2ఎల్ సదుపాయం ఉన్న మోడలైతే, దానికి కావలసిన అడాప్టరు పెట్టెలో వస్తుందా, విడిగా కొనాలా అని అడగండి. తుపాను రోజుల్లో రెండు మూడు పూటలు కరెంటు లేకపోయినా ఫ్రిజ్, ఫ్యాన్లు నడుస్తాయి.

ఆ తుపాన్ల వల్లే బీమాను షోరూం చెప్పినట్లు వదిలేయకూడదు. 2018 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, ఎలక్ట్రిక్ వాటికి ఆ ప్రీమియం 15 శాతం తక్కువ. సొంత నష్టం పాలసీని మాత్రం మనకు నచ్చిన చోట తీసుకునే హక్కు ఉంది. అదే ఐడీవీ (బీమాలో కారుకు కట్టిన విలువ), అవే యాడ్ ఆన్‌లతో (అదనపు రక్షణలతో) బయటి కంపెనీ కొటేషన్ తెచ్చి చూపితే షోరూం ప్రీమియం చాలాసార్లు దిగివస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు లోతట్టు కాలనీల్లో కార్లు ఎలా మునిగాయో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట వరకు రక్షణ అని అర్థం, రాత్రంతా నీళ్లలో నిలబడిన కారుకు అది హామీ కాదు. కాబట్టి విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే జీరో డెప్‌తో పాటు బ్యాటరీకి, చార్జరుకు బీమా రక్షణ కూడా అడగాలి.

బ్యాటరీ వారంటీ ఇప్పుడు పోటీలో ముఖ్యాంశమైంది. మొన్నటి దాకా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు మామూలుగా ఇచ్చేవారు. ఇప్పుడు టాటా, మహీంద్రా, ఎంజీలు కొన్ని మోడళ్లకు జీవితకాల వారంటీ అంటున్నాయి. ఆ జీవితకాలం మొదటి యజమానికే వర్తిస్తుంది. అందువల్ల రెండో యజమానికి ఎంత మిగులుతుందో చదవాలి, సెకండ్ హ్యాండ్ ధర దాని మీదే ఆధారపడుతుంది.

బేరానికి మంచి కాలం ఆషాఢం. కొత్తవి కొనడానికి జనం వెనకాడే ఆ నెలలో షోరూంలు దిగివస్తాయి. ముహూర్తం పట్టింపు ఉన్నవారు ఆషాఢంలో ఆఫరుకు బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకుంటారు, అయితే ఆ ఆఫరు బుకింగ్ రోజుదా, బిల్లు రోజుదా అన్నది రాయించుకోవాలి. డిసెంబరులోనూ, మార్చి చివరి వారంలోనూ లక్ష్యాల ఒత్తిడి వల్ల తగ్గింపులు ఎక్కువ. ఆ సమయంలో పాత నెలల స్టాకు అంటగట్టే అవకాశమూ ఎక్కువే, నెలల తరబడి యార్డులో నిలిచిన బ్యాటరీకి మనం పూర్తి ధర కట్టనవసరం లేదు. ధర తగ్గించలేమని చెప్పిన షోరూం కూడా చార్జరు బిగింపు, అదనపు వారంటీ, బీమా తేడాల రూపంలో ఎంతో కొంత ఇస్తుంది. పక్క కంపెనీ కొటేషన్ బల్ల మీద ఉన్నప్పుడు మరీ.

డెలివరీ రోజున డబ్బు పూర్తిగా కట్టే ముందు ఫారం 21లో (అమ్మకపు ధ్రువపత్రంలో) తయారీ నెల, సంవత్సరం మీకు చెప్పినదేనా అని చూడండి. కేబుల్, అడాప్టరు, పంక్చరు కిట్టు లేదా స్టెప్నీ, రెండో తాళం, చార్జరు వారంటీ కార్డు కొటేషన్‌తో సరిచూసుకోండి. బిల్లులో ప్రతి యాక్సెసరీకీ విడి వరుస ఉండాలి. ఏదైనా తర్వాత ఇస్తామంటే తేదీతో సహా బిల్లు మీదే రాయించి, ముద్ర వేయించుకున్నాకే కారు బయటికి తీయండి.