మన సర్కారు తీరం చరిత్ర, భూగోళం బట్టీ పట్టకుండా నేర్చుకోవాలంటే: బ్యారేజీ మీద నుంచి మొదలెట్టండి

మా అక్క కూతురు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది, గుంటూరులో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఒకరోజు ఉత్తర సర్కార్లు, అంటే పూర్వం మన కోస్తాని పాలన కోసం విడగొట్టిన భాగాలు, అయిదూ గడగడా అప్పజెప్పింది, శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. సరే అమ్మా, వీటికోసం ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, నిజాం ఎందుకు కొట్టుకున్నారు, ఇక్కడ ఏముందని అనడిగా. నోట మాట రాలేదు. పిల్ల తప్పు కాదు, పుస్తకంలో చరిత్ర ఒక చాప్టరు, భూగోళం ఇంకో చాప్టరు, రెండూ ఎక్కడా కలవవు. అందుకే ఇది రాస్తున్నా. గ్రూప్స్ వాళ్ళకే కాదు, పిల్లలకి సెలవుల్లో మన ఊరు చూపిద్దాం అనుకునే అమ్మానాన్నలకి కూడా పనికొస్తది. నేను చెప్పే పద్ధతి ఒక్కటే, నీళ్ళ వెంట వెళ్ళండి. నది ఎటు పోయింది, కాలవ ఎటు తవ్వారు, సముద్రం ఎక్కడిదాకా వచ్చింది, ఈ మూడూ తెలిస్తే రాజులూ తేదీలూ వాటంతటవే గుర్తుంటాయి.

ముందు ఒక చార్టు కొని ఇంట్లో కూర్చోండి. పుస్తకం తెరవొద్దు, ఫోన్లో మ్యాప్ కూడా వద్దు. పెన్సిల్‌తో సముద్రం గీత గీయండి, పైన గోదావరి, కింద కృష్ణ, రెంటి మధ్యలో కొల్లేరు. కృష్ణ మీద ఒకచోట రెండు కొండలు పెట్టండి, ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. అక్కణ్ణుంచి కిందికి డెల్టా విసనకర్రలా విచ్చుకుంటుంది. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలై మధ్యలో దివిసీమ మిగులుతుంది. వంకరటింకరగా వచ్చినా ఫరవాలేదు, ఇది మీ చేత్తో గీసింది అవ్వాలి, అంతే. తిరిగి వచ్చాక ఇదే చార్టు మీద దిద్దుతారు, అసలు చదువు ఆ దిద్దుడులోనే ఉంది.

ఇక పొద్దున్నే ఆరింటికల్లా ప్రకాశం బ్యారేజీ మీదుండండి, ఎండెక్కితే అక్కడ నిలబడలేం. నడుచుకుంటూ మధ్యకి వెళ్ళి ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూడండి. మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు వచ్చే నది ఈ రెండు కొండల మధ్య కిలోమీటరు పైచిలుకు వెడల్పుకి కుదించుకుపోయింది. కట్ట కట్టాలంటే ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటది చెప్పండి. రెండువైపులా రాయి, కట్టడానికి కావలసిన రాయి కూడా పక్కనే, కింద అంతా పల్లం. బెజవాడ బెజవాడ అవ్వడానికి సగం కారణం ఈ ఇరుకే.

ఇక్కడే నిలబడి పిల్లలకి డొక్కల కరువు చెప్పండి. 1832-33లో గుంటూరు ప్రాంతంలో వానల్లేక వచ్చిన కరువది, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి, పక్కనే నది పారుతున్నా ఆ నీళ్ళు పొలం ఎక్కే దారి లేక జనం డొక్కలెండి చచ్చిపోయారు. ఆ పేరు తలుచుకుంటేనే నాకు కడుపులో తిప్పుతుంది. ఆ తర్వాతే ఆనకట్ట మాట గట్టిగా నడిచింది, 1852లో మొదలెట్టి 1855కి పూర్తి చేశారు. చాలామంది గోదావరి ఆనకట్టలాగే ఇది కూడా కాటన్ దొరే దగ్గరుండి కట్టాడనుకుంటారు, ఆలోచనలో ఆయన చెయ్యి ఉంది కానీ ఇక్కడ పని చేయించింది కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు. ఆ పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని బదులు 1954లో మొదలెట్టి 1957కి ఇప్పటి బ్యారేజీ కట్టారు, 70 గేట్లు, 1,223 మీటర్ల పొడవు, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు. దీని కింద దాదాపు 13 లక్షల ఎకరాలు సాగవుతాయి.

ఇంకోమాట, 2024 సెప్టెంబరు మొదట్లో ఈ బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది, అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. రెండూ ఒకే వరద అనుకుంటారు చాలామంది. కాదు. బుడమేరు కృష్ణ నుంచి వచ్చేది కాదు, అది వేరే వాగు, అది పోయేది కొల్లేటికి. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. ఈ ఒక్క సంగతి చార్టు మీద గీస్తే బెజవాడ ఎందుకు మునుగుతుందో పిల్లలకి మళ్ళీ చెప్పక్కర్లేదు.

బ్యారేజీ చూశాక కాలవలు పట్టుకోండి. బెజవాడ ఊళ్ళోంచి మూడు పోతాయి, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. రోజూ వాటి పక్కనే బండి మీద తిరుగుతాం కానీ ఏది ఎటు పోతుందో ఎంతమందికి తెలుసు. ఏలూరు కాలవ గోదావరి కాలవలతో కలుస్తుంది. ఇటు పడమటి వైపు కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. అంటే ఒకప్పుడు కాకినాడలో పడవెక్కినవాడు సముద్రంలోకి పోకుండానే మద్రాసు చేరొచ్చు. రైలొచ్చాక, రోడ్లొచ్చాక ఆ పడవలు పోయాయి, పడవల్ని ఎత్తుపల్లాలు దాటించే లాకులు మాత్రం అక్కడక్కడ మిగిలున్నాయి. దుగ్గిరాల లాకుల దగ్గర కాసేపు ఆగండి. అక్కడ గమనించాల్సింది ఒకటుంది, కాలవ ఎప్పుడూ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలవ పల్లంలో నడుస్తుంది, పొలం రెంటి మధ్య ఉంటుంది. పై నుంచి తాగి కిందికి వదులుతుంది. డెల్టా అంటే ఇంతే, ఇది కళ్ళతో చూసినవాడికి మురుగు కాలవలు పూడితే ఊళ్ళు ఎందుకు మునుగుతాయో అర్థమైపోతుంది.

తెనాలిలో రేపల్లె బండెక్కితే దారిలో భట్టిప్రోలు. ఇటుకల స్తూపం, చూడ్డానికి అరగంట చాలు. కానీ 1892లో ఇక్కడ తవ్వినప్పుడు దొరికిన ధాతు పేటికల (అస్థికలు దాచిన పెట్టెల) మీద ఉన్న అక్షరాలు దక్షిణాదిలో దొరికిన మరీ పాత రాతల్లో ఒకటి, వాటిలో కుబేరకుడు అనే రాజు పేరుంది. అమరావతి స్తూపం, ఘంటసాల స్తూపం కూడా ఈ నీటి దారి పక్కనే ఉన్నాయని చార్టు మీద మూడు చుక్కలు పెట్టుకోండి. వర్తకులు ఎక్కడ తిరిగితే బౌద్ధం అక్కడ నిలిచింది. అమరావతి శిల్పాలు ఎక్కువ భాగం లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి, అది వేరే బాధ, ఇక్కడ మొదలెడితే ఆగదు.

రేపల్లె నుంచి పెనుమూడి-పులిగడ్డ వారధి దాటితే దివిసీమ, రాత్రికి అవనిగడ్డలో ఉండొచ్చు. పులిగడ్డ దగ్గర అక్విడక్ట్ చూడండి, నది పాయ మీదుగా కాలవ నీళ్ళు దాటించే వంతెన. అంటే కింద నది, పైన కాలవ. పిల్లలకి భలే నచ్చుతుంది.

దివిసీమలో ఊళ్ళ పేర్లు చదువుకుంటూ వెళ్ళండి. నాగాయలంక, హంసలదీవి, పాలకాయతిప్ప. లంక అంటే ఏటి మధ్య మేట, దీవి సరేసరి, తిప్ప అంటే మెరక. ఈ నేలంతా నది తెచ్చిపోసిన ఒండ్రు అని బోర్డులే చెప్తున్నాయి. సముద్రం దగ్గరయ్యే కొద్దీ నల్లమట్టి పోయి పర్ర నేల వస్తుంది, తెల్లగా ఉప్పు పేరుకున్న చౌడు, ఆ తర్వాత మడ చెట్లు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి చూసుకుని సాగరసంగమం వైపు వెళ్ళొచ్చు, కానీ అక్కడ నీళ్ళలోకి దిగేముందు ఊరివాళ్ళని అడగండి, మొగ దగ్గర లాగుడు ఎక్కువ.

1977 నవంబరు 19. ఈ తేదీ మీద మాత్రం నిదానంగా ఉండండి. ఆ రోజు ఉప్పెన వచ్చి 10 వేల మందికి పైగా పోయారు, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. నేను వెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన తాటిచెట్టు చూపించి, ఆ మొవ్వలో తెల్లారేదాకా కూర్చున్నాం బాబూ, కింద గేదెలు కొట్టుకుపోతుంటే వాటి అరుపులు వినపడ్డాయి అన్నాడు, అని ఊరుకున్నాడు, టీ చల్లారిపోయింది. మీరు వెళ్తే ఫోన్ కెమెరా పైకెత్తి అడగొద్దు. తాతయ్యా అని పక్కన కూర్చోండి, చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు, చెప్పకపోతే వదిలెయ్యండి. ఉప్పెన ఇంత లోపలికి ఎందుకు వచ్చిందో నేల చూస్తే తెలుస్తుంది, ఆపడానికి ఒక గుట్ట లేదు, అంతా అరచేయిలా చదునే.

రెండోరోజు బందరు, అంటే మచిలీపట్నం. దీనికి ఎక్కువ టైం పెట్టుకోండి, ఎందుకంటే సర్కార్ల కథ మొత్తం ఇక్కడే ముడిపడి ఉంది. బందరు అంటేనే పర్షియన్‌లో రేవు. గోల్కొండ సముద్రానికి దూరం, అక్కడి సుల్తానులకి వాకిలి ఇదే. డచ్చివాళ్ళు 1606 నాటికి వచ్చి కూర్చున్నారు, ఇంగ్లీషు ఓడ 1611లో ముందు నిజాంపట్నం దగ్గర ఆగి తర్వాత ఇక్కడికొచ్చింది. వీళ్ళంతా దేనికోసం వచ్చారు అంటే గుడ్డ కోసం. అది అర్థం కావాలంటే పక్కనే పెడన వెళ్ళండి, కలంకారీ అద్దేవాళ్ళు ఉంటారు, అడిగితే చూపిస్తారు. బట్టని కరక్కాయ రసం, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు, అప్పుడు లేత పసుపు రంగొస్తుంది. తర్వాత బెల్లం, తుప్పు ఇనుము కలిపి పులియబెట్టిన నీళ్ళలో చెక్క అచ్చు ముంచి అద్దుతారు. అద్దినప్పుడు అది పెద్దగా నలుపు కాదు, కరక్కాయ పట్టిన బట్టకి తగిలాక కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపుకి పటిక అద్ది వేరు రంగులో ఉడకబెడతారు, పూర్వం అది చిరువేరు, ఈ తీరం ఇసుక నేలల్లో దొరికేది. ఇక ఉతకడానికి పారే నీళ్ళు కావాలి, నిలవ నీళ్ళలో రంగు పాకిపోతుంది, దానికి కాలవ ఉంది. ఇసుక నేల వేరు, ఏటి నీరు, ఓడ రేవు, మూడూ ఒక్కచోట. మా అక్క కూతురిని అడిగిన ప్రశ్నకి జవాబు ఆ అచ్చుల బల్ల ముందు దొరికింది.

ఆ తర్వాత బందరుకోట వెళ్ళండి, పాత డచ్చి సమాధులు కూడా చూడండి, రాళ్ళ మీద చెక్కిన వంశ చిహ్నాలు ఇంకా తెలుస్తాయి. ఇక సర్కార్లు ఎలా చేతులు మారాయో ఇక్కడే కూర్చుని రాసుకుంటే గుర్తుంటది. 1753లో నిజాం సలాబత్ జంగ్ వీటిని ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. 1759 ఏప్రిల్లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట దాడి చేసి ఈ కోట పట్టుకున్నాడు, కోట చుట్టూ ఉన్న ఉప్పు బురదే కాపాడుతుందని లోపలివాళ్ళు నమ్ముకున్నారు. 1765లో మొగలు పాదుషా ఫర్మానా (రాజాజ్ఞ), 1766లో నిజాంతో ఒప్పందం, వీటితో సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి వచ్చాయి. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం ఆయనదే అన్నారు, ఆయన 1782లో పోయాడు, అయినా కంపెనీ చేతికి రావడానికి 1788 అయింది. పరీక్షలో తికమక పెట్టేది ఇదే, గుంటూరుని మిగతా నాలుగింటితో కలిపి రాయొద్దు. ఆ పేరు పాతబడిందనుకోకండి, మన కోస్తాలో నడిచే సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరులో ఉన్నది ఇదే సర్కారు.

మరి ఇంత రేవు ఎందుకు తగ్గింది? తీరం లోతు తక్కువ, నది మేట వేస్తూనే ఉంటుంది, పెద్ద ఓడలు దూరంగా లంగరేసి సరుకు చిన్న పడవల్లో దించాల్సొచ్చేది. దానికి తోడు 1864 నవంబరు 1 తుఫాను, ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారంటారు. మంగినపూడి వైపు కొత్త పోర్టు పనులు జరుగుతున్న చోటు దూరం నుంచైనా చూసి రండి.

ఇంకో ఆదివారం గుంటూరు నుంచి బాపట్ల వైపు పెట్టుకోండి. సూర్యలంక అందరూ వెళ్తారు, ఇంకాస్త కిందికి మోటుపల్లి ఎవరూ వెళ్ళరు. అక్కడ వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. పూర్వం గాలివానకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు మొత్తం లాగేసుకునేవాళ్ళు, నేను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోను, సముద్రం మీద ప్రాణాలకి తెగించి వచ్చేవాళ్ళకి ఇది అభయం అని దాని సారం. రుద్రమదేవి తండ్రి ఆయన. ఓరుగల్లులో కూర్చున్న రాజుకి ఈ ఇసుక రేవు ఎంత అవసరమో ఆ రాయే చెప్తుంది. తర్వాత కొండవీటి అనవోతారెడ్డి కూడా ఇక్కడే మళ్ళీ శాసనం వేయించాడు. ఇప్పుడక్కడ రేవు లేదు, గుడి, ఇసుక, సరుగుడు చెట్లు.

జిల్లాల పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. పాత పుస్తకంలో గుంటూరు జిల్లా అని ఉంటే ఏ సంవత్సరందో చూడండి. 1794లో పెట్టారు, 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు, 1904లో మళ్ళీ విడదీశారు, 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల విడిపోయాయి, బెజవాడేమో ఎన్టీఆర్ జిల్లా అయింది. మోటుపల్లి, భట్టిప్రోలు ఇప్పుడు బాపట్ల జిల్లా. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలు, హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు, ఇది కూడా అదే పేజీలో రాసుకోండి.

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్తే బాగుంటుంది, తుఫాను హెచ్చరిక ఉంటే మానెయ్యండి. కరకట్ట రోడ్డు చీకటి పడితే వద్దు. కాలవల్లో నీళ్ళు చూడాలంటే మాత్రం వేసవిలో కట్టేస్తారు కాబట్టి అప్పుడు పెట్టుకోకండి. ఇంటికొచ్చిన రాత్రే, నిద్రొస్తున్నా సరే, మొదట గీసిన చార్టు తీసి నీలం పెన్నుతో కాలవలు దిద్దండి, ఎర్ర పెన్నుతో తేదీలు ఆయా చోట్లలోనే రాయండి, పక్కన విడిగా లిస్టు పెట్టొద్దు. మా అక్క కూతురి చార్టు ఇప్పుడు గోడకి ఉంది, బందరు దగ్గర ఒక కలంకారీ ముక్క అంటించింది, దివిసీమ దగ్గర చిన్న తాటిచెట్టు బొమ్మ గీసింది.