గీజర్ కింద కాక్ కారుతోందా? ముందు తలెత్తి పైకి చూడండి

కోనసీమలో కార్తీకమాసం చలి మొదలైందంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "గీజర్ కింద యాంగిల్ కాక్ కారుతోందండీ, వచ్చేటప్పుడు కొత్తది పట్టుకురండి." గీజర్‌కి వెళ్ళే నీళ్ళని ఆపడానికి గోడకి బిగించే చిన్న కుళాయే ఈ యాంగిల్ కాక్. వేసవంతా ముట్టుకోని గీజర్‌ని ఆ వారమే ఆన్ చేస్తారు మరి. కొత్తది పట్టుకునే వెళ్తాను. కానీ సంచీలోంచి స్పానర్ కంటే ముందు పొడిగుడ్డ తీస్తాను. ఎంతమందికి చెప్పినా ఈ ఒక్క పనీ చెయ్యరు.

గీజర్ స్విచ్ ఆపి కాక్, దాని మీద నుంచి గీజర్ దాకా వెళ్ళే కనెక్షన్ పైపు, గోడలో దిగే చోటు అన్నీ పొడిగా తుడవండి. టిష్యూ పేపర్ లేకపోతే పాత న్యూస్‌పేపర్ ముక్కలు నాలుగు చోట్ల చుట్టండి: గోడ దగ్గర, పిడి దగ్గర, పైపు నట్టు దగ్గర, గీజర్ అడుగున. పావుగంట ఆగండి. ఏ కాగితం ముందు తడిసిందో లీకు అక్కడ. కాక్ నుంచి బొట్టు పడుతోంది కదా అని కాక్‌ని తిట్టడం, చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయని చూరుని తిట్టడం లాంటిదే.

పిడి దగ్గర తడిస్తే

పాతరకం, చాలా చుట్లు తిప్పే కాక్ అయితే పిడి కింద గ్లాండ్ నట్టు ఉంటుంది. ఒక స్పానర్‌తో కాక్ ఒళ్ళు పట్టుకుని, రెండో దానితో ఆ నట్టుని కుడివైపు కొంచెం, పావు చుట్టుకి మించకుండా బిగించండి. చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే ట్యాంకు వాల్వ్ కట్టేసి, నట్టు విప్పి, టెఫ్లాన్ టేపుని తాడులా పురిపెట్టి స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ) చుట్టూ చుట్టి బిగించండి. పావు చుట్టుతో కట్టేసే కొత్తరకం అయితే లోపల కాట్రిడ్జ్ (నీళ్ళని ఆపే భాగం) ఉంటుంది, అది మార్చాల్సిందే. మీ కాక్‌కి సరిపోయే కాట్రిడ్జ్ కోసం పాలకొల్లు నుంచి భీమవరం దాకా కొట్లన్నీ తిరిగే బదులు కాక్ మార్చెయ్యండి.

పైపు నట్టు దగ్గర తడిస్తే

లోపల రబ్బరు వాషర్ పోయింది. ఈ మరల మీద టేపు చుట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడ నీళ్ళు ఆపేది మర కాదు, వాషర్. పది చుట్లు టేపు చుట్టినా ఆగదు. కొత్త వాషర్ వేసి, చేత్తో బిగించి, చివర్లో అర చుట్టు స్పానర్‌తో తిప్పండి చాలు.

గోడ దగ్గర తడిస్తే

ఇక్కడా ట్యాంకు వాల్వ్ కట్టేసి, కాక్ మొత్తం విప్పి, పాత టేపు గీకేసి, మర తిరిగే దిక్కులోనే కొత్త టేపు చుట్టి బిగించాలి. మరీ బలంగా బిగించకండి. గోడలో ఉండేది ప్లాస్టిక్ ఎల్బో (పైపు మలుపు ముక్క), ఇత్తడి దాని లోపల మాత్రమే. పైపు రెంచి వేసి ఊగితే అది పగులుతుంది, అప్పుడు టైల్స్ పగలగొట్టాలి.

గీజర్ అడుగున తడిస్తే, లేదా నీళ్ళు వేడెక్కేటప్పుడే కారి తర్వాత ఆగిపోతే

నా చెవి మెలేసిన కేసు ఇది. ఒక పిన్నిగారింట్లో కాక్ రెండుసార్లు మార్చాను. వెళ్ళినప్పుడల్లా పొడిగా ఉండేది, వచ్చేసిన మర్నాడు మళ్ళీ ఫోను. మూడోసారి ఆవిడే అన్నారు: "బాబూ, పొద్దున గీజర్ వేశాకే కారుతుందేంటి, నువ్వొచ్చే మధ్యాహ్నం కారదేం?" సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, గీజర్ వేయించి, కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. పది నిమిషాలకి గీజర్ అడుగున ఉన్న ఇత్తడి సేఫ్టీ వాల్వ్ ముక్కు చివర ఒక బొట్టు ఊరింది. అది కిందపడలేదు. పైపు మీది స్టీలు అల్లికలోకి పాకి, దాని వెంటే దిగి, నేను కొత్తగా బిగించిన కాక్ పిడి చివర వేలాడి, అక్కణ్ణుంచి టప్పుమని పడింది. పాపం, ఆ కాక్‌లో ఏ లోపమూ లేదు.

సంగతేంటంటే, నీళ్ళు వేడెక్కితే పెరుగుతాయి. 15 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్ళు 65 డిగ్రీలకి వెళ్తే దాదాపు పావు లీటరు ఎక్కువవుతాయి. వెనక్కి ట్యాంకులోకి పోదామంటే సేఫ్టీ వాల్వ్‌లోనే ఉండే నాన్ రిటర్న్ వాల్వ్ పోనివ్వదు. కుళాయిలన్నీ కట్టేసి ఉంటే లోపల ప్రెజర్ పెరుగుతుంది. మేడ మీద ట్యాంకు ఐదు మీటర్ల ఎత్తున ఉంటే దాని ప్రెజర్ అర బార్ మాత్రమే. ఇళ్ళల్లో గీజర్లకి ఈ వాల్వ్ మామూలుగా 8 బార్ దగ్గర తెరుచుకునేలా ఉంటుంది. అక్కడికి చేరగానే బొట్లుబొట్లుగా వదులుతుంది. వేడినీళ్ళ కుళాయి తిప్పితే ఆగిపోతుంది. గుర్తుపట్టడానికి అదే ఆనవాలు.

అంటే వాల్వ్ దాని పని అది చేస్తోంది. ఆ ముక్కుకి సన్నటి ట్యూబు తగిలించి, చివర మూయకుండా డ్రెయిన్ దాకా దింపండి. అంతే రిపేరు. ముక్కుకి ఎమ్సీల్ పెట్టి మూసేసిన ఇళ్ళు నేను రెండు చూశాను. నీళ్ళు చాలినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ చెడిన రోజున, ప్రెజర్ పోయే దారి లేక ట్యాంకే పగలొచ్చు. ఆ పని మాత్రం చెయ్యకండి.

గీజర్ ఆపేసి చల్లారాక కూడా ఆ ముక్కు కారుతూనే ఉంటే వాల్వ్ సీటులో ఏదో ఇరుక్కుంది. మనకి ఆ కొదవ లేదు. వానాకాలంలో ఎర్రనీళ్ళ ఒండ్రు, వేసవిలో కాలువలు కట్టేశాక బోరు ఉప్పు. లివరు ఉంటే, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు, రెండు మూడుసార్లు ఎత్తి వదలండి. కడుక్కుపోతుంది. ఆగకపోతే వాల్వ్ మార్పించండి. మార్చాక వేడినీళ్ళ కుళాయిలో నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్ వెయ్యాలి. వాల్వ్ ముక్కు నుంచి మరిగే నీళ్ళు గానీ ఆవిరి గానీ వస్తుంటే థర్మోస్టాట్ పోయిందని లెక్క. మెయిన్‌లో ఆపేసి మెకానిక్‌ని పిలవండి.

మిగతావి

కాక్ ఒంట్లోనే సన్న రంధ్రం పడటం అరుదు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పునీళ్ళ ఇళ్ళల్లో ఇత్తడి గులాబీరంగుకి తిరిగి, తెల్లపొడి రాలుతుంటే మాత్రం బిగించకండి, చేతిలో విరుగుతుంది. మార్చెయ్యండి. ప్రెజర్ పంపు పెట్టాక కారడం మొదలైతే పంపు సెట్టింగు చూసుకోండి.

ఏం చేసినా కాస్త ముందుగా చెయ్యండి. భోగి ముందురోజు రాత్రి అల్లుడుగారు దిగాక ఫోన్ చేస్తే నేను వస్తానేమో గానీ, వాషర్ అమ్మే కొట్టు తెరిచి ఉండదు.