క్వారంటైన్ వార్డు తెరవకముందే అందరికీ కలిపి శిక్షణ: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అంటువ్యాధి వస్తోందనగానే ఆసుపత్రుల్లో హడావిడిగా శిక్షణలు మొదలవుతాయి. డాక్టర్లకు ఒక పూట, నర్సులకు ఒక పూట, పారిశుద్ధ్య సిబ్బందికి చివర్లో నిలబెట్టి ఓ పావుగంట. ఎవరి పాఠం వాళ్లకు వచ్చేస్తుంది. కానీ వార్డులో తేడా వచ్చేది పని చేతులు మారే చోటే: శాంపిల్ నర్సు నుంచి ల్యాబ్ టెక్నీషియన్‌కి వెళ్లేటప్పుడు, నిండిన చెత్త సంచి ఆయా చేతిలోంచి బండి తోసే అతనికి వెళ్లేటప్పుడు. 2002-03లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి సోకిన 8,096 మందిలో 1,706 మంది ఆరోగ్య సిబ్బందే. అందుకని ఒకే షిఫ్టులో పనిచేయబోయే వాళ్లందర్నీ, గేటు దగ్గరి గార్డుతో సహా, ఒకే గదిలో కూర్చోబెట్టండి.

మొదట ఒక సంగతి అందరికీ స్పష్టం చేయాలి. జబ్బు ఉన్నవాళ్లను విడిగా ఉంచేది ఐసొలేషన్. జబ్బు మనిషి దగ్గర మసలి, ఇంకా లక్షణాలు రానివాళ్లను ఉంచేది క్వారంటైన్. ఈ తేడా గార్డుకు తెలియకపోతే ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెడతాడు. తప్పు అతనిది కాదు, చెప్పనివాళ్లది.

ఎక్కువ సమయం పీపీఈ (గ్లవ్స్, గౌను, మాస్కు లాంటి రక్షణ తొడుగులు) విప్పడం మీద పెట్టండి. వేసుకునేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. డ్యూటీ దిగేటప్పుడు ఒళ్లంతా చెమట, ముక్కు మీద దురద, ఎప్పుడు బయటపడదామా అన్న తొందర. అల్ట్రావయొలెట్ దీపం కింద మెరిసే పొడి దొరుకుతుంది. దాన్ని గ్లవ్స్‌కీ గౌనుకీ రాసి, విప్పమనండి. తర్వాత లైట్లు ఆర్పి దీపం వేసి చూపించండి. శుభ్రంగా విప్పానని ధీమాగా ఉన్న మనిషికి తన మణికట్టు మీదా మెడ మీదా మెరుపు కనిపిస్తే ఇక వేరే ఉపన్యాసం అక్కర్లేదు. విప్పే వరుస మీ ఆసుపత్రి రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే, అందరికీ ఒకటే ఉండాలి. ఎన్95 మాస్కు మాత్రం గది బయటికొచ్చి, చివర్లోనే తీయాలి. తర్వాత మళ్లీ చేతులు కడగాలి.

విప్పేటప్పుడు పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చదివి చెప్పాలి. 2014లో అమెరికాలో ఎబోలా రోగికి సేవ చేసిన ఇద్దరు నర్సులకు ఆ జబ్బు సోకాక, అక్కడి మార్గదర్శకాల్లో ఇలా చూసే మనిషిని తప్పనిసరి చేశారు. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు. శిక్షణ పొందిన వార్డు బాయ్ అయినా చాలు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెద్ద డాక్టరు గౌను ముందువైపు పట్టుకుని లాగుతుంటే వార్డు బాయ్ నోరు తెరుస్తాడా? తెరవడు. కాబట్టి "ఆగండి" అన్న ఒక్క మాట ముందే ఖాయం చేసుకోండి. ఎవరైనా ఎవరికైనా అనొచ్చు. విన్నవాళ్లు "ఆగాను" అని కదలకుండా నిలబడాలి, సంజాయిషీలు తర్వాత. డ్రిల్‌లో సీనియర్ డాక్టరుతోనే కావాలని తప్పు చేయించి, ఆయాతో ఆ మాట అనిపించండి. మొదటిసారి అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి. నిజం డ్యూటీలో ఎవరైనా "నువ్వా నాకు చెప్పేది" అని ఒక్కసారి కసిరితే మాత్రం ఆ వార్డులో ఆ మాట మళ్లీ వినపడదు.

మాస్కుల వెనక మాట సరిగా వినపడదు, పెదాలు కనపడవు. ఇరవైకీ అరవైకీ తేడా తెలియదు. మోతాదు చెప్పేటప్పుడు "రెండు, సున్నా" అని అంకెలుగా చెప్పాలి, విన్నవాళ్లు తిరిగి చెప్పాలి, చెప్పినవాళ్లు "అవును" అనాలి. గౌను మీద ముందూ వెనకా మార్కర్‌తో పేరు, పని రాసుకోండి.

బ్లీచింగ్ ద్రావణం సంగతి పారిశుద్ధ్య సిబ్బందికే వదిలేయకండి. కోవిడ్ కాలంలో మామూలు ఉపరితలాలకు 0.1 శాతం, రక్తం ఒలికిన చోట 0.5 శాతం క్లోరిన్ ఉన్న ద్రావణం వాడమన్నారు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుందని అందరికీ తెలిసుండాలి.

ఇక మేనేజ్‌మెంట్‌తో ముందే మాట్లాడుకోవాల్సినది ఒకటుంది. గ్లవ్స్ చిరిగినా, సూది గుచ్చుకున్నా, జ్వరం తగిలినా వెంటనే ఎవరికి చెప్పాలో పేరు, ఫోన్ నంబరు గోడ మీద ఉండాలి. అలా చెప్పి క్వారంటైన్‌కి వెళ్లినవాళ్ల జీతం కోయబోమని రాతపూర్వకంగా ఇవ్వాలి. కాంట్రాక్టు సిబ్బందికీ ఇది వర్తించాలి. రోజు కూలీ పోతుందంటే జ్వరం మాత్ర వేసుకుని డ్యూటీకి వచ్చేస్తారు, ముందుగా పక్కవాళ్లకే అంటిస్తారు.