చత్వారం వచ్చిందా? కళ్లజోడు ఎలా ఎంచుకోవాలి

నలభై దాటాక ఫోనును చేయి చాచి పట్టుకుంటే తప్ప అక్షరాలు కుదురుగా కనబడటం లేదా? అది చాలావరకు చత్వారమే. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువు కోసం ఉబ్బే గుణాన్ని కోల్పోతుంది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు మరింత పాడవుతుందని వాయిదా వేసేవారిని చూస్తే బాధేస్తుంది. జోడు పెట్టుకున్నా మానుకున్నా ఆ మార్పు అరవై దాటేదాకా సాగుతుంది. కంటి వ్యాయామాలు దాన్ని వెనక్కి తిప్పలేవు.

1. ముందు కంటి పరీక్ష చేయించుకోండి. నేరుగా దుకాణానికి వెళ్లి జోడు కొనుక్కోవద్దు. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా అనే జబ్బు మొదట్లో ఏ బాధా పెట్టకుండానే చూపును హరిస్తుంది, అది పరీక్షలోనే బయటపడుతుంది. మధుమేహం ఉంటే రెటీనా (కంటి లోపలి వెనక పొర) కూడా చూపించుకోండి. రక్తంలో చక్కెర అదుపు తప్పినప్పుడు పవర్ తాత్కాలికంగా మారుతుంది కనుక, అది స్థిరపడ్డాకే అద్దాలు చేయించుకోవాలి.

2. మీ దూరం కొలుచుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది మరిచిపోయేదీ ఇదే. అలవాటుగా కూర్చుని చదువుతూ, కంటి నుంచి పుస్తకానికి ఎంత దూరమో ఇంట్లో ఎవరిచేతనైనా కొలిపించండి. పుస్తకానికి సాధారణంగా 40 సెంటీమీటర్లు, కంప్యూటర్ తెరకు 60 నుంచి 70 ఉంటుంది. పుస్తకానికి సరిపోయిన అద్దంతో తెర మసకబారుతుంది, తెరకు ఇంకాస్త తక్కువ పవర్ కావాలి. కుట్టుపని చేసేవారి దూరం వేరు, సంగీతం వాయించేవారి దూరం వేరు. పరీక్షించేవారికి ఆ కొలత చెప్పండి.

3. పవర్ సాధారణంగా +1 దగ్గర మొదలై, అరవై నాటికి +2.5 దాకా చేరుతుంది. పరీక్షలో పెట్టిచూసిన రెండు పవర్లతోనూ హాయిగా చదవగలిగితే తక్కువదే తీసుకోండి. ఎక్కువైతే పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకోవాల్సి వస్తుంది.

4. రెడీమేడ్ జోళ్లలో రెండు అద్దాలకూ ఒకే పవర్ ఉంటుంది. మీ రెండు కళ్ల పవర్ వేరైనా, సిలిండర్ (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేనందుకు ఇచ్చే పవర్) ఉన్నా అవి నప్పవు, తలనొప్పి రావచ్చు. చేయించుకోవడమే మేలు.

5. దూరపు చూపుకు ఇప్పటికే జోడు వాడేవారికి బైఫోకల్ (పైన దూరానికి, కింద దగ్గరికి రెండు పవర్లు ఉండేవి) లేదా ప్రోగ్రెసివ్ (పవర్ పైనుంచి కిందికి క్రమంగా మారేవి) అద్దాలు పనికొస్తాయి. కొత్తలో మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, తల వంచి అద్దం పైభాగంలోంచి చూడండి. కాస్త హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించడం) ఉన్నవారు జోడు తీసేసి చదివితే చాలు.

చూపు హఠాత్తుగా తగ్గినా, సరళరేఖలు వంకరగా కనిపించినా, కంటినొప్పితో దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అది చత్వారం కాదు. ఆ రోజే కంటి వైద్యుల దగ్గరకు వెళ్లండి.