జుట్టు రాలుతోందా? బోరు నీళ్లను తిట్టే ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో దిగిన మనవాళ్లు కొన్నాళ్లకే అనే మాట ఒకటుంది: "ఇక్కడి బోరు నీళ్లకు జుట్టంతా పోయింది." ఆ నమ్మకంతోనే ఏడాది గడిచిపోతుంది. షవర్‌కు ఫిల్టర్ బిగిస్తారు, నూనెలు మారుస్తారు. ఈలోపు వంశపారంపర్యంగా వచ్చే బట్టతల తన పని తాను చేసుకుపోతుంది. సన్నబడుతున్న కుదుళ్లను మందుతో నిలబెట్టవచ్చు, పూర్తిగా చితికిపోయాక మందు పనిచేయదు. అందుకే ముందు ఏ రకంగా రాలుతోందో తేల్చుకోవాలి.

నీళ్ల సంగతి మొదట తేల్చేద్దాం. బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. జుట్టు గరుకెక్కి, చిక్కుపడి, దువ్వేటప్పుడు మధ్యలో తెగుతుంది. అది తెగడమే గానీ ఊడటం కాదు. దువ్వెనలో చిక్కిన పది వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చూడండి. ఒక చివర ఆవగింజ కన్నా చిన్న తెల్లటి ఉండ ఉంటే అది కుదురు నుంచి ఊడింది. ఉండ లేకుండా పొట్టి ముక్కలే ఎక్కువగా ఉంటే తెగింది. తెల్ల ఉండ కనిపించగానే కుదురే పోయిందని కంగారు పడకండి. వయసు తీరి రాలే ప్రతి వెంట్రుకకూ అది ఉంటుంది, కుదురు చర్మం లోపలే ఉంటుంది. తెగుతున్నట్టు తేలితే ప్రతిసారీ కండిషనర్ వాడండి, చివరి చెంబు కుళాయిలో వచ్చే కావేరి నీళ్లో ఆర్‌ఓ నీళ్లో పోసుకోండి. షవర్‌కు తగిలించే చిన్న ఫిల్టర్లు నీటి కాఠిన్యాన్ని పెద్దగా తగ్గించవు. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ తగ్గిస్తుంది.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తలంటుకున్న రోజు ఇంకాస్త ఎక్కువ పోతాయి. లెక్కపెట్టే కన్నా ఈ పరీక్ష మేలు. తలంటుకున్న మర్నాడు 50-60 వెంట్రుకల పాయను కుదుళ్ల దగ్గర వేళ్లతో పట్టుకుని, చివరి దాకా మెల్లగా జారుస్తూ లాగండి. తల మీద నాలుగు చోట్ల చేయండి. పాయకు ఒకటి రెండు వస్తే ఫర్వాలేదు. ఆరు దాటి వస్తుంటే జుట్టు ఎక్కువగా రాలుతున్నట్టే.

తలంతా సమానంగా, గుప్పెళ్లుగా రాలుతుంటే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి ఆలోచించండి. డెంగీయో టైఫాయిడో వచ్చిందా, కాన్పు అయిందా, ఆపరేషన్ జరిగిందా, అన్నం మానేసి బరువు తగ్గారా? ఒంటికి ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోయి, ఆ తర్వాత రాలతాయి. కారణం తొలగితే ఆరు నెలల్లో చాలామందికి తగ్గుతుంది. సరిపడా పప్పు, గుడ్లు తింటూ ఓపిక పట్టడమే దీనికి వైద్యం.

వంశపారంపర్య రకానిది వేరే దారి. దీనిలో రాలే సంఖ్య పెద్దగా పెరగకపోవచ్చు, అందుకే ఆలస్యంగా కనిపెడతారు. మగవాళ్లకు కణతల దగ్గర, నడినెత్తి సుడి దగ్గర, ఆడవాళ్లకు పాపిడి వెడల్పవుతూ మొదలవుతుంది. కణత దగ్గరి వెంట్రుకను, వెనక మెడ పైన పెరిగే వెంట్రుకను పక్కపక్కన పెట్టి చూడండి. ముందుది నూగులా సన్నగా, పొట్టిగా ఉంటే అదే తొలి సంకేతం. నెలకోసారి ఒకే కిటికీ వెలుతురులో, పొడి జుట్టుతో, పాపిడి, కణతలు, సుడి ఫోటో తీయండి. అద్దం కన్నా ఫోటోలే నిజం చెబుతాయి.

దీనికి నిరూపితమైన పైపూత మినాక్సిడిల్. మగవాళ్లకు సాధారణంగా 5 శాతం ద్రావణం, రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ. ఆడవాళ్లకు మోతాదు వేరు, డాక్టర్ చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. జుట్టుకు కాదు, పొడి చర్మానికి తగిలేలా పాయలు తీసి రాయండి, నాలుగు గంటలు తడపకండి. పడుకోవడానికి రెండు గంటల ముందే రాసుకోవాలి, లేకపోతే దిండు మీదుగా ముఖానికి అంటి అక్కడ నూగు మొలుస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, ఈ మందు వాటికి విషం. మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. పాతవి జారి కొత్తవి రావడానికి అది గుర్తు, చాలామంది భయపడి అక్కడే ఆపేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు వాడితే గానీ ఫలితం తెలియదు, మానేస్తే వచ్చింది కొన్ని నెలల్లో పోతుంది. ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. మాత్ర మగవాళ్లకు, డాక్టర్ రాస్తేనే. కొందరిలో లైంగిక ఇబ్బందులు వస్తాయి. వాడుతూ రక్తదానం చేయకూడదు, మానేశాక కూడా నెల ఆగాలి.

రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ పడితే అది పేనుకొరుకుడు, ఒంటి రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడటం. గురివింద గింజ అరగదీసి రాయకండి. అది విషం, చర్మం బొబ్బలెక్కుతుంది. చర్మ వైద్యులు మచ్చలోకి చిన్న సూదులు వేస్తారు. బిగించి పోనీటెయిల్ వేసే అమ్మాయిలకు నుదుటి అంచు వెనక్కి పోతుంటే, ముడి వదులు చేస్తే తొలిదశలో తిరిగి వస్తుంది.

ఎర్రదనం, చీము, మంట ఉన్నా, వెంట్రుకల రంధ్రాలు కనబడకుండా చర్మం మెరుస్తున్నా, వారంలోపు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆడవాళ్లకు నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే హార్మోన్ల పరీక్ష కూడా కావాలి. ప్యాకేజీలు అమ్మే హెయిర్ క్లినిక్ కౌన్సెలర్ దగ్గర కాదు, ఎం.డి. డీవీఎల్ చదివిన చర్మ వైద్యుల దగ్గర మొదలుపెట్టండి. విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ వ్యాధుల విభాగాలున్నాయి. సాధారణంగా సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ డి, బి12 పరీక్షలు రాస్తారు. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు కాబట్టి దాన్ని వదలకండి. బయోటిన్ మాత్రలు మింగుతుంటే రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి, థైరాయిడ్ ఫలితాన్ని అవి తారుమారు చేస్తాయి. వెళ్లే రోజు తలకు నూనె, రంగు పొడి పెట్టకండి. మీ నెలవారీ ఫోటోలు, గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాల తేదీలు, వాడిన మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి.