పెద్దవాళ్ల రిపోర్టు చదవడం – 4వ పాఠం: కొలెస్ట్రాల్ బాగా తగ్గితే

కిందటి పాఠంలో లిపిడ్ ప్రొఫైల్‌లో (రక్తంలో కొవ్వుల పరీక్షలో) ఏ అంకె దేనిదో గుర్తుపట్టాం. ఈసారి ఆ కాగితంతో పాటు మనిషినీ చూద్దాం.

దేవరకొండ వైపు 78 ఏళ్ల తాత ఒకాయన ఉన్నాడనుకోండి. న్యుమోనియాతో నల్లగొండలో దవాఖానలో చేరాడు. టోటల్ కొలెస్ట్రాల్ 124 వచ్చింది. ఆర్నెల్ల కింద 186 ఉండె. "మంచిగ తగ్గింది" అని ఇంట్లోవాళ్లు సంతోషపడ్డారు. కొలెస్ట్రాల్ మందేమీ వాడలేదు కదా, మరి 62 ఎట్లా తగ్గింది? ఈ ప్రశ్న అడగడం వస్తే సగం పాఠం వచ్చినట్టే.

ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు కొలెస్ట్రాల్ దానంతటదే పడిపోతుంది. కాబట్టి జబ్బు మధ్యలో వచ్చిన అంకెతో గుండె సంగతి తేల్చకూడదు. కోలుకున్నాక ఒకటి రెండు నెలలు ఆగి మళ్లీ చేయించాలి. తిండి చాలకపోయినా, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనా, లివర్ దెబ్బతిన్నా తగ్గుతుంది. పోషణ ఎంత లోపించిందో చూసే కోనట్ (CONUT) స్కోరులో అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్), లింఫోసైట్లతో (ఒక రకం తెల్ల రక్తకణాలతో) పాటు కొలెస్ట్రాల్‌నూ లెక్కేస్తారు: 180, ఆపైన ఉంటే సున్నా, 140–179కి 1, 100–139కి 2, వంద లోపైతే 3. స్కోరు పెరిగేకొద్దీ పోషణ అంత తక్కువన్నమాట.

ఇప్పుడు తాతను చూడండి. ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గాడా? ఊరికే అలసిపోతున్నాడా? చేతిలో పట్టు తగ్గిందా, ఒకప్పుడు అలవోకగా తుంచిన జొన్నరొట్టెకు ఇప్పుడు తంటాలు పడుతున్నాడా? నడక మెల్లగైందా? మంచం దిగడం తగ్గిందా? వీటిలో మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ, అంటే వయసుతో సత్తువ తగ్గి చిన్న జబ్బుకే కుంగిపోయే స్థితి, ఉందని అనుమానించాలి.

నడకను మాత్రం కొలిచే చూడాలి. డాక్టర్ నడవమన్నాకే చేయండి. చదునైన చోట సుద్దతో 4 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. మొదటి గీతకు రెండడుగుల ముందు నుంచి మామూలుగా నడవమనండి, చేతికర్ర ఉన్నా పర్లేదు. మీరు పక్కనే, కొంచెం వెనకగా ఉండండి. గీతకూ గీతకూ మధ్య 5 సెకన్లు దాటితే నడక నెమ్మదించినట్టే.

చిక్కిపోతున్న మనిషి కంచంలోంచి "కొలెస్ట్రాల్" అంటూ గుడ్డు తీసేస్తుంటే నాకు చాలా బాధేస్తుంది. ఆ వయసులో ప్రొటీన్ తగ్గితే కండ కరుగుతుంది. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడేవాళ్ల సంగతి వేరు, అంకె మందు వల్ల కూడా తగ్గుతుంది. దాన్ని సొంతంగా ఆపొద్దు.

తేదీ, బరువు, కొలెస్ట్రాల్, నడిచిన సెకన్లు రిపోర్టు వెనక రాసుకుని, ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్‌కు చూపించండి. వచ్చే పాఠం అల్బుమిన్ గురించి.